గోదావరి దాటడం: వంతెనలు ఎవరి కోసం వచ్చాయి, రేవులు ఎవరికి మిగిలాయి

రాజమండ్రి ఎగువన కాతేరు నుంచి దిగువన ధవళేశ్వరం దాకా గోదావరి గట్టు వెంట పోతే పట్టుమని పన్నెండు కిలోమీటర్లు ఉండదు. ఆ కాస్త దూరంలోనే నదికి అడ్డంగా ఐదు కట్టడాలున్నాయి. 1900 నాటి హేవలాక్ వంతెన, 1974లో వచ్చిన రోడ్ కం రైలు వంతెన, 1997లో రైళ్లు మొదలైన ఆర్చి బ్రిడ్జి, 2015 పుష్కరాల వేళకు తెరిచిన నాలుగో వంతెన, వీటన్నిటికీ దిగువన కాటన్ బ్యారేజి. జనం నోట ఇవి పాత బ్రిడ్జి, రోడ్ కం రైలు, ఆర్చి బ్రిడ్జి, గామన్ బ్రిడ్జి, ఆనకట్ట.

అక్కడి నుంచి సముద్రం వైపు దిగితే నది పాయలుగా చీలుతుంది. ఏ పాయా అఖండ గోదావరి అంత వెడల్పు ఉండదు. కాబట్టి కిందికి పోయేకొద్దీ దాటడం తేలిక కావాలి. కానీ నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వసిష్ఠను, కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య గౌతమిని ఇవాళ్టికీ పంటు మీదే, అంటే మనుషుల్నీ బండ్లనూ మోసే ఇనుప వేదిక మీదే దాటుతున్నారు. వరదొస్తే పంటు ఆగుతుంది. పంటు ఆగితే కళ్లెదుట కనిపించే ఊరికి చుట్టూ తిరిగి పోవాలి.

ఇదంతా పాలకుల నిర్లక్ష్యం అని ఒక్క మాటతో తేల్చేస్తుంటాం. అందులో నిజం ఉంది. కానీ ఆ ఒక్క మాటతో ఈ చిక్కుముడి వీడదు. నిర్లక్ష్యమే అసలు కారణమైతే రాజమండ్రి దగ్గర ఐదు కట్టడాలు ఎలా లేచాయి? డెల్టాలో ఒక్కో కట్టడం ఎవరి అవసరం కోసం పుట్టిందో వరసగా చూసుకుంటూ వస్తే సంగతి బోధపడుతుంది. కొన్ని నీళ్ల కోసం వచ్చాయి. కొన్ని ఈ డెల్టా మీదుగా ఇంకెక్కడికో పోయే రైళ్ల కోసం, లారీల కోసం వచ్చాయి. ఇక్కడే పుట్టి ఇక్కడే బతికే మనిషి అవతలి ఒడ్డున పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరాలి అన్న అవసరం మాత్రం ఎప్పుడూ వరసలో చివర నిలబడింది.

ముందు నది సంగతి. ధవళేశ్వరం దాటాక గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వసిష్ఠ. వసిష్ఠ నుంచి పి.గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. గౌతమి, వసిష్ఠల నడుమ ఉన్నదే కోనసీమ. దాన్ని వైనతేయ మళ్లీ రెండు ముక్కలు చేసింది. ఎగువన రావులపాలెం నుంచి కింద అంతర్వేది దాకా ఈ నేల చుట్టూ నీళ్లే, ఏ దిక్కున బయటికి పోవాలన్నా ఏదో ఒక పాయ దాటాలి. రాజోలు మనిషి కాకినాడ కలెక్టరు కచేరీకి పోవాలంటే వైనతేయ ఒకటి, గౌతమి ఒకటి దాటాలి. 1925లో గోదావరి జిల్లా తూర్పు గోదావరి జిల్లాగా మారిన నాటి నుంచి 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడేదాకా, దాదాపు వందేళ్లు, ఇక్కడివాళ్లకు జిల్లా కచేరీ నది అవతలే ఉండిపోయింది.

నదికి అడ్డంగా మొదట లేచింది కాటన్ దొర కట్టించిన ఆనకట్ట. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. 1832-33 కరువు, 1839 ఉప్పెన ఈ జిల్లాను కుళ్లబొడిచాయి. పక్కనే గోదావరి పారుతుండగా జనం తిండి లేక చచ్చిపోవడం చూసి తయారైన పథకం అది. చోటు ఎంచుకోవడంలోనే కాటన్ తెలివి కనిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర నది చాలా వెడల్పు, అయితే మధ్యలో లంకలున్నాయి. ఆ లంకలను ఆసరా చేసుకుని ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా కట్టారు. పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక నడుమ ఆనుకునే దిమ్మెలయ్యాయి. అడుగున రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసుకే. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలపాలో తంజావూరు వైపు పాతకాలపు పనివాళ్ల కట్టడాలను చూసే తాము నేర్చుకున్నామని కాటనే రాసుకున్నాడు. కావేరి మీది పాత ఆనకట్ట కల్లణై ఆయనకు బడి. ఇక్కడ కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణం వీరన్నను కూడా ఆ ఆనకట్టతో కలిపే తలుచుకోవాలి.

ఆ ఆనకట్టతో డెల్టా మూడు వాటాలైంది. ధవళేశ్వరం తలనుంచి తూర్పు డెల్టా, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టా. నీళ్లతో పాటు కాలువల మీద రాకపోకలూ మొదలయ్యాయి. కాటన్ రైళ్లకంటే కాలువలనే నమ్మిన మనిషి. కాకినాడలో సరుకెక్కించిన పడవ లాకులు దాటుకుంటూ ధవళేశ్వరం చేరేది, ఆనకట్ట ఎగువన నిలిచిన నీళ్లలో అవతలికి పోయి, విజ్జేశ్వరం లాకులో దిగి ఏలూరు మీదుగా బెజవాడ దాకా, ఆ పైన కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోగలిగేది. ఆ రోజుల్లో వంతెన లేదన్న బెంగ ఇవాళ్టి రూపంలో లేదు. దారే నీళ్లు, బండే పడవ. చక్రాల కాలం వచ్చాకే నది అడ్డమైంది.

ఆ చక్రాలు రైలువి. 1890లలో మద్రాసు, కలకత్తాలను కలిపే తీరపు రైలు మార్గం పడమట కొవ్వూరు దాకా వచ్చింది, తూర్పున రాజమండ్రి దాకా వచ్చింది. మధ్యలో గోదావరి. కొన్నేళ్లు ప్రయాణికులు ఒక ఒడ్డున రైలు దిగి, ఆవిరి పడవెక్కి, అవతలి ఒడ్డున ఇంకో రైలు ఎక్కారు. రెండు మహానగరాలను కలిపే దారి ఒక రేవు దగ్గర తెగిపోతే ఆ నొప్పి కలకత్తా, లండన్ దాకా తెలుస్తుంది. అందుకే వంతెన ఆలస్యం కాలేదు. 1897లో పని మొదలైంది, 1900లో మొదటి రైలు దాటింది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్ పేరు పెట్టారు. పని చూసిన ఇంజనీరు వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టించినవాడు.

హేవలాక్ వంతెనకు 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు. దానికి నది నడుమ యాభైకి పైగా స్తంభాలు నిలబెట్టాలి. ఇసుక నదిలో స్తంభం ఎలా నిలుస్తుందన్నదే ఈ వ్యాసంలో కాస్త ఆగి చూడాల్సిన విషయం. తర్వాతి వంతెనల ఖర్చు, ఆలస్యం, చోటు అన్నీ దీని మీదే నడిచాయి.

వేసవిలో గోదావరి అడుగు ఇసుక తిన్నెల్లా గట్టిగా కనిపిస్తుంది. వరద వచ్చినప్పుడు ఆ ఇసుక అక్కడ ఉండదు. నీటి వేగం అడుగును కోసుకుపోతుంది, వరద తగ్గుతుంటే మళ్లీ మేట వేస్తుంది. స్తంభం చుట్టూ ఈ కోత మరీ ఎక్కువ. సముద్రపు ఒడ్డున నిలబడితే అల వెనక్కి పోతూ మడమ కింది ఇసుకను లాగేస్తుంది, అచ్చం అట్లాగే. కాబట్టి ఎండాకాలం కనిపించే అడుగును నమ్మి పునాది వేస్తే మొదటి పెద్ద వరదకే స్తంభం ఒరుగుతుంది. వరద ఎంత లోతుకు కోస్తుందో లెక్కగట్టి, దానికి ఇంకా కిందికి పునాది దింపాలి.

దింపే పద్ధతి పేరు బావి పునాది. ఇసుక మీద ఇనుప అంచు ఉన్న పెద్ద వలయం పెడతారు. దాని మీద గుండ్రంగా గోడ కడతారు. లోపలి ఇసుకను తోడి బయట పోస్తుంటే గోడ తన బరువుతో తానే కిందికి దిగుతుంది. దిగినకొద్దీ పైన గోడ పెంచుతారు, మళ్లీ తోడతారు. ఒక పక్క ఎక్కువ తోడితే బావి ఒరుగుతుంది, దాన్ని నిటారుకు తేవడానికి రెండో పక్క తోడుతూ, పైన బరువులు పెడుతూ రోజుల తరబడి కుస్తీ పట్టాలి. కావలసిన లోతు చేరాక అడుగు మూసి, లోపల నింపి, పైన స్తంభం లేపుతారు. ఈ పని నది తగ్గి ఉన్న నెలల్లోనే సాగాలి. జూన్ దాటితే నది తిరిగి వచ్చేస్తుంది. యాభై పైచిలుకు బావుల్ని 1897 నుంచి 1900 లోపు దింపి, పైన ఇనుప గడ్డర్లు పరిచి రైలు నడిపించారంటే ఆ పని వెనక ఎంత మంది చెమట ఉందో ఊహించుకోవచ్చు. ఇంజనీరు పేరు మిగిలింది. బావుల్లో దిగి ఇసుక తోడినవాళ్ల పేర్లు ఏ పలక మీదా లేవు. నాకు ఇది వెలితిగానే ఉంటుంది.

ఆ బావులు 1953 వరదను తట్టుకున్నాయి. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పారిన 1986 ఆగస్టు వరదనూ తట్టుకున్నాయి. 1997లో రైళ్లు ఆపేసేనాటికి వంతెనకు తొంభై ఏడేళ్లు.

తర్వాత వచ్చిన వంతెనల కథ ఒక కోణంలో ఖానాల లెక్క. హేవలాక్‌లో ఒక్కో ఖానా 45 మీటర్ల చుట్టుపక్కల. 1974 రోడ్ కం రైలు వంతెనలో పెద్ద ఖానాలు 91.5 మీటర్లకు పెరిగాయి. అలాంటివి 27, దాంట్లో సగం పొడవున్నవి ఇంకో 7. ఆర్చి బ్రిడ్జిలో ఒక్కో ఖానా 97 మీటర్ల పైచిలుకు, మొత్తం 28. ఖానా పెరిగినకొద్దీ నదిలో స్తంభాలు తగ్గుతాయి. గోదావరిలో ఖర్చంతా నీళ్ల అడుగునే ఉంటుంది కాబట్టి ఒక స్తంభం తగ్గించినా అది పెద్ద మిగులే. ఆర్చి బ్రిడ్జిలో కాంక్రీటు విల్లులు పైకి లేచి, వాటి నుంచి వేలాడే తీగలు కింది పట్టాల దిమ్మెను మోస్తాయి. ఫొటోల్లో అందరూ చూసే ఆ వంపులు అందానికి వచ్చినవి అనుకుంటాం, అవి స్తంభాలు తగ్గించే లెక్కలో భాగం.

రోడ్ కం రైలు వచ్చాక రాజమండ్రి, కొవ్వూరు మధ్య బస్సు నడిచింది. అప్పటిదాకా రైలెక్కాలి, కాదంటే లాంచీ. ఆ వంతెనకు ఇప్పుడు యాభై ఏళ్లు నిండాయి. 2023లో మరమ్మతులకని దాదాపు నెల రోజులు రోడ్డు మూస్తే రెండు ఒడ్డుల వాళ్లూ గామన్ బ్రిడ్జికో ఆనకట్టకో మళ్లారు. రాజమండ్రిలో ఒక దారి మూస్తే ఇంకో రెండు ఉన్నాయి. ఆ సౌకర్యం విలువ నరసాపురం రేవులో నిలబడి చూస్తే తెలుస్తుంది.

జాతీయ రహదారి సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. ఇవాళ 16వ నంబరు రహదారిగా పిలిచే దారి సిద్ధాంతం దగ్గర వసిష్ఠను, జొన్నాడ దగ్గర గౌతమిని దాటుతుంది. రెంటి మధ్య రావులపాలెం. స్వర్ణ చతుర్భుజి పనుల్లో ఆ దారి నాలుగు వరసలైంది. కోనసీమకు ఇది పెద్ద మేలు, కాదనను. కానీ ఆ దారి చెన్నై, కోల్‌కతాల కోసం గీసింది. అది కోనసీమ నెత్తిని తాకి వెళ్లిపోతుంది. దిగువన ఉన్న అమలాపురం, రాజోలు, మలికిపురం దాని లెక్కలో లేవు.

కోనసీమ లోపలివాళ్లు నడవడానికి తొలినాళ్లలో దొరికిన గట్టి దారి ఏమిటో చూడండి. పి.గన్నవరం అక్విడక్టు. వైనతేయకు అవతల ఉన్న నగరం లంకకు, అంటే ఇవాళ్టి రాజోలు వైపు నేలకు, సాగునీరు అందాలంటే కాలువ నదిని దాటాలి. నది మీదుగా ఇంకో నదిని నడిపించినట్టు, 1850లలో హేగ్ అనే యువ ఇంజనీరు 40 అడుగుల కమానులు 49 కట్టి వాటి మీద కాలువను అవతలికి తీసుకుపోయాడు. కింద వైనతేయ సముద్రానికి పోతుంటుంది, పైన కాలువ నీళ్లు పొలాలకు పోతుంటాయి. నీళ్ల కోసం కట్టిన ఆ కట్టడం మీదే మనుషులు నడిచారు. నూట యాభై ఏళ్లకు అది అలిసిపోయాక పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆకలి అన్నవాడికల్లా వేళ చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ, 1909లో కన్నుమూశారు. ఈ డెల్టాలో కట్టడాలకు పెట్టిన పేర్లలో నాకు ఎక్కువ నచ్చిన పేరు ఇదే.

ఐ.పోలవరం వైపు పోయే అన్నంపల్లి అక్విడక్టు కథా ఇదే. మొదటి పని నీళ్లు దాటించడం, జనం దాటడం దాని వెంట వచ్చిన లాభం. ధవళేశ్వరం దగ్గరా అంతే. పాత ఆనకట్ట స్థానంలో 1970లలో మొదలై 1982లో పూర్తయిన బ్యారేజి 175 గేట్లతో నీళ్లు ఆపడానికి కట్టింది. దాని మీది రోడ్డు రెండు ఒడ్డులకూ, నడిమి లంకలకూ రోజువారీ దారైంది. పొలానికి నీరు పోవాలంటే ప్రభుత్వం దగ్గర ఒక లెక్క ఉంది. ఇన్ని ఎకరాలు తడుస్తాయి, ఇంత పంట, ఇంత శిస్తు. ఆ లెక్క తేలగానే కట్టడం లేచింది. మనిషి దాటితే ఏం ఒరుగుతుందన్న లెక్క ఎవరూ అంత శ్రద్ధగా వేయలేదు.

కింది పాయల మీద జనం కోసం వంతెనలు వచ్చింది చాలా ఆలస్యంగా, ఈ శతాబ్దంలోనే. తీరం వెంట కత్తిపూడి నుంచి ఒంగోలు వైపు పోయే ఇప్పటి 216వ నంబరు జాతీయ రహదారి మీద యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమికి 2002లో వంతెన తెరుచుకుంది. దానికి జి.ఎం.సి.బాలయోగి పేరు పెట్టారు. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ కోనసీమ దారుల కోసం పట్టుబట్టి పనులు చేయించిన మనిషి. అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. అదే దారి బోడసకుర్రు, పాశర్లపూడి మధ్య వైనతేయను, దిండి, చించినాడ మధ్య వసిష్ఠను దాటుతుంది. ఈ మూడూ కలిసి కోనసీమను తీరం వెంట మొదటిసారి ఒక దారానికి గుచ్చాయి. యానాం దగ్గర గౌతమి ఎంత వెడల్పో చూసినవాళ్లకు, కింది పాయల మీద వంతెన సాధ్యం కాదన్న వాదన ఆ రోజుతోనే అయిపోయింది.

సాధ్యమే అయినప్పుడు కష్టాలేమీ లేవని కాదు. సముద్రం దగ్గరికొచ్చేకొద్దీ అడుగున ఇసుకతో పాటు మెత్తటి బంకమన్ను ఉంటుంది. పోటు పాట్లకు ఉప్పునీరు ఎక్కి దిగుతూ ఇనుమును తినేస్తుంది. వంతెన ఏటిగట్టు దాటి అవతల దిగాలి కాబట్టి రెండు పక్కలా ఎత్తైన ఏప్రోచి రోడ్లు కావాలి, ఆ నేలంతా కాపుకొచ్చిన కొబ్బరి తోటలు. నరసాపురం దగ్గర వేట పడవలు కిందినుంచి పోవడానికి ఎత్తూ ఉంచాలి. ఇవన్నీ ఖర్చు పెంచేవే. అయితే ఇందులో ఏ ఒక్కటీ యానాంలో లేనిది కాదు.

ఇప్పుడు సఖినేటిపల్లి రేవుకు వద్దాం. పంటు అంటే వెడల్పాటి ఇనుప వేదిక, నదిని దాటించేది ఇంజను. ఒడ్డుకు ఆనగానే కళాసీలు మోకులు బిగించి వాలు పలక దింపుతారు. ముందు నడిచేవాళ్లు దిగుతారు, తర్వాత మోటారు సైకిళ్లు, ఆటోలు, చివర కార్లు. ఎక్కేటప్పుడు కళాసీ చేతి సైగలే లెక్క. బరువు ఒక పక్కకు పడకుండా కారు ఎక్కడ ఆగాలో, బళ్లు ఎట్లా సర్దాలో అతను చెప్పినట్టే జరగాలి. పాటు వేళ నీళ్లు తగ్గితే వాలు నిట్టనిలువుగా మారి బండి కింద తగులుతుంది, ఇద్దరు ముగ్గురు వెనకనుంచి తోస్తే గానీ ఎక్కదు. భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికి పోయే జనం రేవులో బారులు తీరతారు. చీకటి పడ్డాక కడుపునొప్పితో ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని చివరి పంటు పోయిందా ఉందా అని అడిగే ఇల్లాలికి ఆ నది ఎంత వెడల్పో ఏ కొలతా చెప్పలేదు. చించినాడ మీదుగా చుట్టి రావాలంటే ముప్పై కిలోమీటర్లకు తక్కువ కాదు.

రేవుకు ఏటా వేలం పాట పెడతారు. పాట దక్కించుకున్నవాళ్లు మనిషికింత, బండికింత వసూలు చేసుకుంటారు. వంతెన కోసం శంకుస్థాపన కూడా ఒకసారితో ఆగలేదు. రాళ్లు పడ్డాయి, స్తంభాలు లేవలేదు.

ఎందుకు లేవలేదన్నదానికి నాకు కనిపించే పెద్ద కారణం వాహనాల లెక్కింపు. ఎక్కడైనా వంతెన మంజూరు కావాలంటే ఆ దారిలో రోజుకు ఎన్ని బండ్లు పోతున్నాయో చూస్తారు. పంటు మీద ఒక విడతకు ఎన్ని బండ్లు పడతాయో అన్నే పోతాయి. లారీ పోలేదు, బస్సు పోలేదు, రాత్రి ఎవరూ పోరు, వరద నెలల్లో అసలే పోరు. కాబట్టి లెక్కలో రద్దీ ఎప్పుడూ తక్కువే తేలుతుంది. రద్దీ లేదు కాబట్టి వంతెన రాదు, వంతెన లేదు కాబట్టి రద్దీ లేదు. అవతలి ఒడ్డున కాలేజీ ఉన్నా పిల్లను పంపని తండ్రి, నరసాపురంలో మంచి ధర ఉన్నా కాయలు ఇటే అమ్ముకున్న కొబ్బరి రైతు ఆ కాగితంలో కనిపించరు. ఎంతమంది దాటుతున్నారు అనే ప్రశ్న పక్కన, దాటలేక ఎంతమంది ఆగిపోతున్నారు, చుట్టు దారి ఎంత, ఏడాదిలో ఎన్ని రోజులు రేవు మూతపడుతోంది అనే మూడు ప్రశ్నలూ పెట్టాలి. అలా లెక్క వేస్తే నరసాపురం, కోటిపల్లి రేవులు రాష్ట్రంలో ఏ వంతెనకూ తీసిపోవని నా నమ్మకం.

రేవుల కంటే కింది మెట్టు మీద లంక గ్రామాలున్నాయి. రెండు ఏటిగట్ల మధ్య, నది గర్భంలోనే ఉన్న ఊళ్లు ఇవి. గట్టు వీళ్లను కాపాడదు, వీళ్లు గట్టుకు లోపల ఉన్నారు. ధవళేశ్వరంలో 17 లక్షల క్యూసెక్కులకు మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేసరికి ఇళ్లలోకి నీళ్లొస్తాయి. పి.గన్నవరం మండలంలో బూరుగులంక రేవు దగ్గర ఏటా నది తగ్గాక తూములు వేసి మట్టి పోసి తాత్కాలిక రోడ్డు కడతారు. జూలైలో మొదటి వరదకే గండి పడుతుంది. ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక వాళ్లు మళ్లీ పడవ ఎక్కుతారు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే, అంటే నదిలో ఎత్తు తక్కువగా వేసిన దారి కూడా ఇట్లాగే ప్రతి వరదకూ మునుగుతుంది. కాజ్‌వే అన్నది ఎండాకాలపు దారి. అది వేసి దారి ఇచ్చామనుకోవడం సగం ఏడాదిని లెక్కలోంచి తీసేయడమే. ఏటా కొట్టుకుపోయే మట్టి మీద పెట్టే డబ్బు పదిహేను ఇరవై ఏళ్లకు కూడితే ఎంతవుతుందో అధికారులు ఒకసారి ప్రజల ముందు పెట్టాలి.

ఐ.పోలవరం మండలం పశువుల్లంకలో జరిగింది మరిచిపోకూడదు. 2018 జూలై 14న బడి నుంచి పిల్లలు నాటుపడవలో ఇళ్లకు తిరిగొస్తున్నారు. వరద ఉద్ధృతంగా ఉంది. పడవ అదుపు తప్పి, నది మధ్యలో కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని బోల్తా పడింది. విద్యార్థినులు సహా పలువురు గల్లంతయ్యారు. తమ ఊరి కోసం కడుతున్న వంతెన, ఇంకా పూర్తికాని ఆ వంతెన స్తంభమే వాళ్లకు అడ్డొచ్చింది. పని ఆలస్యమైతే ఖర్చు పెరుగుతుందని కాగితాల్లో రాస్తారు. ఇక్కడ ఏం పెరిగిందో అందరం చూశాం.

ఇసుక మాట కూడా చెప్పాలి. స్తంభం చుట్టూ ఇసుక ఉన్నంతసేపే పునాదికి బలం. వంతెనకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని నిబంధన ఉన్నది అందుకే. ఇసుక తీసే ర్యాంపుల్లో యంత్రాలు దిగి అడుగును లోతు చేస్తే, వరద కోత కొత్త లోతు నుంచి మొదలవుతుంది, ఇంజనీరు వేసిన లెక్క తప్పుతుంది. వంతెనలు అడిగే మనమే ఉన్న వంతెనల కాళ్ల కింది ఇసుకను కూడా అడిగి కాపాడుకోవాలి.

కోనసీమలో అందరూ ఎదురు చూస్తున్నది కోటిపల్లి, నరసాపురం రైలు మార్గం. దీనికి ముందొక కథ ఉంది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇనుము కావాలని 1940లో పట్టాలు పీకేశారు. మళ్లీ వేసింది 2004లో. అరవై నాలుగేళ్ల విరామం. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్లు పొడిగించడానికి 2000-01లో, బాలయోగి చొరవతో, మంజూరు దొరికింది. 57 కిలోమీటర్లలో మూడు మహా వంతెనలు, గౌతమి మీద, వైనతేయ మీద, వసిష్ఠ మీద. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలన్న షరతు దగ్గర, భూసేకరణ దగ్గర పని ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. హేవలాక్‌కు మూడేళ్లు పట్టింది, ఈ మార్గానికి పాతికేళ్లు చాలలేదు. మద్రాసు, కలకత్తా రైలు ఆగితే దేశానికి నొప్పి. కోనసీమ రైలు ఆగితే కోనసీమకే నొప్పి.

ఇంతకీ ఈ మూడు వంతెనలూ రైలు కోసమే కడుతున్నారు, రోడ్డు లేదు. కోటిపల్లి దగ్గర గౌతమిలో స్తంభాలు లేచాయి. రేపు పట్టాలు పడి రైలు నడిచాక కూడా మోటారు సైకిలు మీద ముక్తేశ్వరం పోవాల్సినవాడు ఆ స్తంభాల పక్కనుంచే పంటు మీద పోతాడు. 1974లోనే రాజమండ్రిలో ఒకే పునాది మీద కింద రైలు, పైన రోడ్డు నడిపించిన అనుభవం మనకుంది. గోదావరిలో ఖర్చంతా నీళ్ల అడుగునే అయినప్పుడు, ఆ పునాదుల మీద రోడ్డు వరస కూడా పెట్టే ఆలోచన మొదట్లోనే జరగాల్సింది. గౌతమి మీద ఆ అదను దాటిపోయింది. నరసాపురం వైపు వసిష్ఠ వంతెన విషయంలో ఇది అడగాల్సినవాళ్లు రెండు ఒడ్డుల ఎమ్మెల్యేలు, ఎంపీలు. జిల్లాలు వేరైనా, ఆ రేవు ఇద్దరిదీ.